ఇరువది దేశముల ఉమ్మడి సంఖ్య

టెలిఫోను సంఖ్య యెవరిది? ఈ ప్రశ్న వినుటకు వింతగా నుండును. ఇంట టెలిఫోను గలవాడు దానిని తనదే అనుకొనును. అంగడివాడు పలకపై వ్రాయించుకొనును. పెండ్లి శుభలేఖల మీదికి సైతము అది యెక్కును. ఏండ్ల తరబడి వాడిన సంఖ్య ఇంటిపేరువలె మనకు అంటుకొనిపోవును. కాని చాల దేశముల చట్టములు ఈ విషయమున ఒకే మాట చెప్పుచున్నవి. వాడుకొను హక్కు మాత్రమే చందాదారునిది. సంఖ్య వానిది కాదు. అది ప్రజలందరి ఉమ్మడి సొత్తు. ఉమ్మడి సొత్తు అన్నచోట పంపకము తప్పదు. పంపకమున్నచోట పంచువాడు ఎవడన్న ప్రశ్న తప్పదు.

ఒక దేశములోనే ఈ పంపకము చిక్కైన పని. అట్టిచో ఇరువది దేశములు కలిసి ఒకే సంఖ్యను పంచుకొనిన కథ యెట్టిదో ఊహింపవచ్చును. భారతదేశమునకు వెలుపలినుండి పిలుచువారు మొదట 91 నొక్కుదురు. పాకిస్థానుకు 92, శ్రీలంకకు 94. దేశమునకొక సంఖ్య అన్నమాట. కాని మన తెలుగిండ్ల నుండి డల్లాసులోని కుమారునికిగాని, టొరంటోలోని కుమార్తెకుగాని పిలుపు పంపినచో, ఉభయులకును మొదటి అంకె 1 మాత్రమే. అమెరికా సంయుక్త రాష్ట్రములు వేరు, కెనడా వేరు. ప్రభుత్వములు వేరు, నాణెములు వేరు. అయినను టెలిఫోను లెక్కలో రెండును ఒకే కుటుంబము. బెర్ముడా, జమైకా, బార్బడోసు, ట్రినిడాడు మొదలగు ద్వీపములును ఆ కుటుంబములోనివే. ఈ కుటుంబము ఎట్లు ఏర్పడినదో, దీనిని ఎవరు నడిపిరో చూతము.

రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి ఉత్తర అమెరికాలో దూరపు ఊరితో మాటలాడవలెనన్న ఆపరేటరు సాయము లేనిదే సాధ్యము కాదు. ఆ ఆపరేటరు మరియొక ఊరి ఆపరేటరును పిలిచి, ఆమె వేరొకతెను పిలిచి, తీగలు కలుపుచు పోవలసియుండెను. నానాటికి పెరుగుచున్న పిలుపులకు ఈ పద్ధతి చాలదని అమెరికన్ టెలిఫోన్ అండ్ టెలిగ్రాఫ్ కంపెనీ ఇంజనీర్లు గ్రహించిరి. ఆపరేటరు ప్రమేయము లేకుండ యంత్రమే దారి వెదకుకొనవలెనన్న, ఖండములోని ప్రతి టెలిఫోనునకు మరియొకదానితో కలియని సంఖ్య ఉండవలెను. ఆ కొరకు వారు 1947లో ఒక పథకము సిద్ధము చేసిరి. అమెరికాను, కెనడాను కలిపి 86 ప్రాంతములుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతమునకు మూడంకెల సంకేతము నిచ్చిరి. వానిలో 77 అమెరికాలోనివి, 9 కెనడాలోనివి. ఆ మూడంకెల వెనుక ఎక్స్ఛేంజికి మూడంకెలు, చందాదారునకు నాలుగంకెలు, వెరసి పదియంకెలు. ఆ కొలత నేటికిని మారలేదు.

ఇందొక చిన్న చమత్కారము గలదు. ఆ 86 సంకేతములలో నడిమి అంకె సున్నయో, ఒకటియో తప్ప వేరొకటి కాదు. ఒకే సంకేతముతో సరిపెట్టుకొనిన రాష్ట్రమునకు నడుమ సున్న. ఒకటికంటె ఎక్కువ పొందిన రాష్ట్రమునకు నడుమ ఒకటి. న్యూజెర్సీకి 201, న్యూయార్కు నగరమునకు 212. ఇది అలంకారము కొరకు చేసినది కాదు. ఆనాటి ఎక్స్ఛేంజీలకు పేర్లుండెడివి. పేరులోని మొదటి రెండక్షరములను డయలుపై త్రిప్పెడివారు. డయలుపై 1, 0 అంకెలకు ఆ అక్షరములు లేవు. కావున రెండవ అంకె 0 గాని, 1 గాని అయినచో అది దూరప్రాంతపు సంకేతమనియు, కానిచో స్థానికమైన ఎక్స్ఛేంజి అనియు యంత్రము వెంటనే పోల్చుకొనెడిది. పసిబిడ్డయైనను గుర్తుపట్టగల గురుతును ఆలోచన లేని యంత్రమునకు కల్పించిరన్నమాట.

ఎవరికి ఏ సంకేతమియ్యవలెనన్న నిర్ణయములోను ఒక లెక్క గలదు. గుండ్రని డయలుపై అంకె త్రిప్పి విడిచినచో, అది వెనుకకు తిరుగుచు అంకెకు తగినన్ని విద్యుత్ స్పందనములను తీగపై పంపును. ఒకటికి ఒక స్పందనము, తొమ్మిదికి తొమ్మిది, సున్నకు పది. న్యూయార్కు 212 అనగా మొత్తము ఐదు స్పందనములు మాత్రమే. చికాగో 312, లాస్ ఏంజిలీస్ 213, ఒక్కొక్కదానికి ఆరు. ఎక్కువ పిలుపులు పోవు మహానగరములకు తక్కువ స్పందనములు గల సంకేతములు దక్కెను. తరువాత 1958లో కరీబియన్ ద్వీపములకును, బెర్ముడాకును కలిపి ఇచ్చిన సంకేతము 809. దానిని త్రిప్పుటకు ఇరువదియేడు స్పందనములు కావలెను. యంత్రముల కాలము ఆదా చేయుటయే ఉద్దేశ్యమైనను, ఎవరి కాలము విలువైనదిగా ఎంచిరో ఈ అంకెలు చెప్పకయే చెప్పుచున్నవి.

పథకము కాగితముపై సిద్ధమైన నాలుగేండ్లకు ఆచరణలోనికి వచ్చెను. 1951 నవంబరు 10న న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ నగరాధ్యక్షుడు లెస్లీ డెనింగ్, ఖండమున కావలి యొడ్డున నున్న కాలిఫోర్నియాలోని అలమేడా నగరాధ్యక్షుడు ఫ్రాంక్ ఆస్బర్న్‌ను, ఆపరేటరు సాయము లేకుండ తన చేతితోనే డయలు త్రిప్పి పిలిచెను. పిలుపు కలియుటకు పట్టిన కాలము 18 సెకండ్లు. మన దేశములో ఇట్టి సౌకర్యము 1960లో కాన్పూరు, లక్నో నగరముల నడుమ మొదలైనది.

ప్రజలు ఈ మార్పులన్నిటిని మౌనముగా స్వీకరించిరనుకొనరాదు. సంఖ్యల కొరత వచ్చుటతో ఎక్స్ఛేంజి పేర్లను తీసివేసి, అన్నియు అంకెలుగా మార్చ సాగిరి. పేరున్నచోట అంకె వచ్చి కూర్చుండుట చాలమందికి రుచింపలేదు. 1962లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అంకెల డయలును వ్యతిరేకించు సంఘమే యొకటి వెలసెను. భాషాశాస్త్ర పండితుడు ఎస్. ఐ. హయకావా అందులో ప్రముఖుడు. మనుష్యుని జ్ఞాపకశక్తి పేర్లను నిలుపుకొనునట్లు అంకెలను నిలుపుకొనజాలదన్నది వారి వాదము. ఉద్యమము ఓడినది, అంకెలు గెలిచినవి. కాని సంఖ్యలను పంచువారు సాంకేతిక విషయములను మాత్రమే చూచుకొనిన చాలదని, అవి జనుల అలవాట్లతోను, అభిమానములతోను ముడిపడి యుండునని అప్పుడే తెలియవచ్చినది.

1960వ దశకములో ప్రపంచమంతటికి సంఖ్యల పథకము కావలసివచ్చెను. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల యూనియన్ ఆధ్వర్యవమున భూగోళమును తొమ్మిది మండలములుగా విభజించిరి. ఆఫ్రికాకు 2, ఐరోపాకు 3, 4. దక్షిణ, మధ్య అమెరికాలకు 5. సోవియట్ యూనియనుకు 7. దక్షిణ, పశ్చిమ ఆసియాలు తొమ్మిదవ మండలము. మన 91 అట్లు వచ్చినదే. ఉత్తర అమెరికాలో ఉమ్మడి పథకము అంతకుముందే నడుచుచుండుటచేత దానికంతటికి కలిపి 1 అను అంకె దక్కెను. పొరుగుననే యున్న మెక్సికో 52గాను, క్యూబా 53గాను వేరు కుంపటి పెట్టుకొనెను. కరీబియన్ ద్వీపములలో పెక్కు అప్పటికి బ్రిటిష్ వలసలు. జమైకా, ట్రినిడాడులు 1962లోను, బార్బడోసు 1966లోను స్వతంత్రములైనను, 809 అను సంకేతమును వీడక ఉమ్మడి కుటుంబములోనే యుండిపోయెను.

దేశమునకొక సంఖ్య అను పద్ధతి యెంత దూరము పోగలదో ఐరోపా చరిత్ర చూపుచున్నది. తూర్పు జర్మనీ సంఖ్య 37. 1990లో ఆ దేశము పశ్చిమ జర్మనీతో ఏకమై 49లో కలిసిపోయెను. మిగిలిన 37ను వృథా పోనీయక, దాని వెనుక ఒక్కొక్క అంకె చేర్చి పది ముక్కలు చేసిరి. లిథువేనియాకు 370, లాట్వియాకు 371, ఎస్తోనియాకు 372, మొనాకోకు 377. పోపుగారి వాటికనుకు సైతము 379 కేటాయించిరి. మాయమైన రాజ్యముయొక్క సంఖ్య చిన్న దేశములకు ఆస్తిగా సంక్రమించినది. యుగోస్లావియా చీలినప్పుడు దాని 38 కూడ అట్లే చీలెను. సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైన పిమ్మట ఉక్రెయిను 380ను, ఉజ్బెకిస్థాను 998ను, ఇతర దేశములు తమ తమ సంఖ్యలను తీసికొని వెడలిపోయెను. రష్యాతోపాటు 7ను నేటికిని పంచుకొనుచున్నది కజకిస్థాను ఒక్కటే. కొత్తగా స్వాతంత్ర్యము ప్రకటించుకొనిన దేశమునకు జెండా, నాణెము ఎట్టివో, టెలిఫోను సంఖ్యయు అట్టిదే అయినది. కొసోవో 2008లో స్వాతంత్ర్యము ప్రకటించుకొనినను, తనకంటూ 383 అను సంఖ్య పొందునప్పటికి 2016 వచ్చెను. అంతవరకు ఇతర దేశముల సంఖ్యలను ఎరువు తెచ్చుకొని కాలము గడుపవలసివచ్చెను.

మరి కరీబియన్ ద్వీపములకు తమ గుర్తింపు అక్కరలేదా? అక్కర ఉన్నది, దానికి వారు కుటుంబములోనే యుండి దారి చూచుకొనిరి. నడిమి అంకె 0 లేక 1 కావలెనన్న నియమము వలన దొరకు సంకేతములు లెక్కకు 160. ప్రత్యేక అవసరములకు పోగా మిగులునవి ఇంకను తక్కువ. 1990వ దశకమునకు అవి అడుగంటినవి. అందువలన 1995 జనవరిలో ఆ నియమము సడలించి, నడుమ ఏ యంకెయైనను రావచ్చుననిరి. అలబామాకు 334, వాషింగ్టన్ రాష్ట్రమునకు 360 అట్లు వచ్చిన మొదటి సంకేతములు. కొన్ని కార్యాలయముల పాత యంత్రములు వీనిని గుర్తింపజాలక పిలుపులను త్రోసిపుచ్చినవి కూడ. ఆ మార్పుతో ద్వీపములకు అవకాశము చిక్కెను. 1995 మొదలు నాలుగైదేండ్లలో ఉమ్మడి 809 నుండి ఒక్కొక్క దేశము తన సొంత సంకేతముతో వేరుపడెను. టెలిఫోను మీటలపై అక్షరములుండును గదా! ట్రినిడాడు, టొబేగోల 868 నొక్కినచో టి.ఎన్.టి. అగును. గ్రెనడా 473 ఆ దేశపు పేరులోని మొదటి మూడక్షరములే. బహామాలకు 242, సెయింట్ లూసియాకు 758 అట్లే పేర్లను తలపించుచున్నవి. హయకావాగారి సంఘము పోగొట్టుకొనిన పేర్లు ఈ ద్వీపములలో మారువేషమున మరల ప్రత్యక్షమైనవనవచ్చును. పాత 809 డొమినికన్ రిపబ్లిక్కుకు మిగిలెను.

ఈ ఉమ్మడి కుటుంబమున చేరిన క్రొత్తవారును గలరు. నెదర్లాండ్స్ ఆంటిలీస్ అను సమాఖ్య 2010లో రద్దయినది. అందుండి వేరుపడిన సింట్ మార్టెన్, ప్రత్యేక దేశసంఖ్యను కోరక, 2011లో 721 సంకేతముతో ఒకటవ సంఖ్యలో చేరెను. ఒకచోట సంఖ్య విడిపోవుట స్వాతంత్ర్యమైనది. మరియొకచోట కలియుట సౌకర్యమైనది.

అయితే సరిహద్దు కనబడకపోవుటలో కీడును గలదు. అమెరికాలో నివసించువానికి జమైకా సంఖ్యయు తన పొరుగు రాష్ట్రపు సంఖ్యవలెనే పదియంకెలతో కనబడును. చార్జీ మాత్రము విదేశపు చార్జీ. దీనిని ఆసరా చేసికొని 1990వ దశకమున మోసగాండ్రు బయలుదేరిరి. మీ బంధువునకు ప్రమాదము జరిగినదనియో, మీకు బహుమతి వచ్చినదనియో సందేశము పంపి, 809తో మొదలగు సంఖ్యకు పిలువుమనెడివారు. స్వదేశపు పిలుపే అనుకొని గంటకొట్టినవానికి మాసాంతమున బిల్లు చూచి గుండె గుభేలుమనెడిది. ఒక్కసారి గంట మ్రోగించి ఆపివేసి, మనచేత తిరిగి పిలిపించుకొను మోసము దీనికి తమ్ముని వంటిది. ఇందు ద్వీపవాసుల తప్పేమియు లేదు. అయినను అపకీర్తి వారి సంకేతమునకు అంటెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. పంచువాడు ఎవడు? మన పల్లెలలో చెరువు క్రింది ఆయకట్టుకు నీరు వదలుటకు ఒక మనిషి యుండెడివాడు. కొన్ని సీమలలో నీరుగంటి యనియు, కొన్నింట నీరటికాడనియు పిలిచెడివారు. తూము తెరచుటయు మూయుటయు వాని చేతిలోనిది. ఎవరి మడికి ఎంత నీరన్నది వాడు పక్షపాతము లేకుండ చూడవలెను. నీరు వదలువాడు తన పొలమునకే ముందు మళ్లించుకొనినచో ఊరిలో తగవు తప్పదు. సంఖ్యల విషయములోను ఈ తగవే వచ్చినది.

1947 నుండి మూడున్నర దశాబ్దములకు పైగా సంఖ్యలు పంచినది అమెరికన్ టెలిఫోన్ కంపెనీయే. టెలిఫోను వ్యాపారము చాలవరకు దానిదే గనుక, తన సొత్తును తాను పంచుకొనినట్లుండెను. 1984 జనవరి 1న న్యాయస్థానపు పరిష్కారము ననుసరించి ఆ మహాసంస్థ ముక్కలైనది. సంఖ్యల పనిని బెల్‌కోర్ అను సంస్థకు ఒప్పగించిరి. అది ఏడు ప్రాంతీయ టెలిఫోను కంపెనీల ఉమ్మడి సంస్థ. కాని క్రొత్తగా పోటీకి వచ్చిన కంపెనీలు ఊరకొనునా? మా పోటీదారుల సొంత మనిషి మాకు నీరు వదలుటయేమని వారు ప్రశ్నించిరి. 1996లో అమెరికా చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టము, సంఖ్యలు పంచు సంస్థ నిష్పక్షపాతముగా నుండి తీరవలెనని శాసించెను. 1997లో ఆ పనికి లాక్‌హీడ్ మార్టిన్ సంస్థను ఎంపిక చేసిరి. రెండేండ్లు గడచునో లేదో, ఆ సంస్థ ఉపగ్రహముల ద్వారా టెలిఫోను సేవలు నడుపు కామ్‌శాట్ కంపెనీని కొన సంకల్పించెను. అనగా నీటి మనిషి పొలము కొనదలచినాడు. అది ఒప్పదనుటచేత, సంఖ్యల విభాగమును 1999లో వేరుచేసి, న్యూస్టార్ అను ప్రత్యేక సంస్థగా నిలిపిరి. 2019 నుండి ఆ బాధ్యత సోమోస్ అను సంస్థ చేతికి వచ్చెను. కెనడాలో కెనడావారి నియంత్రణ సంస్థ, ద్వీపములలో వారి వారి ప్రభుత్వములు తమ సంఖ్యలను తామే చూచుకొనుచున్నవి. ఉమ్మడి చెరువు ఒక్కటే. తూములు ఎవరివి వారివి.

నీరు పుష్కలముగా నున్నప్పుడు నీటి మనిషిని ఎవరును పట్టించుకొనరు. కరవు వచ్చినప్పుడే వాని నీతి తెలియును. సంఖ్యలకును కరవు వచ్చెను. ప్రజలు అన్ని సంఖ్యలను వాడివేయుట చేత కాదు. పంచిన పద్ధతి చేత. ఆనాటి పద్ధతిలో ఏ కంపెనీకైనను ఒక ఎక్స్ఛేంజి సంకేతము నిచ్చినచో, దానితో పదివేల సంఖ్యలు ఒక్కసారిగా పోయెడివి. చిన్న ఊరిలో వందమంది చందాదారులు గల క్రొత్త కంపెనీయు పదివేల సంఖ్యలను పట్టుకొని కూర్చుండెడిది. గింజ లేని గాదెలకు తాళములు వేసినట్లు, సంఖ్యలు నిరుపయోగముగా పడియుండగా, వేరొకచోట క్రొత్త ప్రాంతసంకేతము కావలెనని గోల. 1998లో చికాగో శివారు ప్రాంతములకు చెందిన 847 సంకేతములో ఒక ప్రయోగము చేసిరి. పదివేలకు బదులు వేయి సంఖ్యల చొప్పున పంచసాగిరి. ఈ చిన్న సవరణ క్రమముగా దేశమంతట వ్యాపించి, ఉన్న సంఖ్యల ఆయువును పెంచినది. క్రొత్త చెరువు త్రవ్వుటకంటె పాత కాలువకు గండి పూడ్చుట మేలని మన రైతుకు చెప్పవలసిన పని లేదు.

ఈ అంకెల లెక్కలు మనుష్యుల ప్రాణములకు ఎంత దగ్గరివో చెప్పు ఉదంతము ఇటీవలిది. బ్రతుకుపై విరక్తి కలిగి ఆత్మహత్యకు తలపడువారికి వెంటనే ఓదార్పు దొరకుటకై, తేలికగా గుర్తుండు మూడంకెల సంఖ్య యొకటి కావలెనని అమెరికా ప్రభుత్వము సంకల్పించి, 2020లో 988ను నిర్ణయించెను. అయితే పెక్కు ప్రాంతములలో 988తో మొదలగు ఎక్స్ఛేంజీలు అప్పటికే యుండెను. అక్కడి జనులు స్థానిక పిలుపులకు ఏడంకెలు మాత్రమే నొక్కుట అలవాటు. వారు 988 నొక్కి నిలిచినచో, ఇంకను నాలుగంకెలు రావలసియున్నవో, ఆపదలో నున్నవాడు సాయము కోరుచున్నాడో యంత్రమునకెట్లు తెలియును? అందువలన 82 ప్రాంతసంకేతములలోని ప్రజలు, పొరుగింటికి పిలిచినను, 2021 అక్టోబరు 24 నుండి పదియంకెలును నొక్కవలెనని నిర్ణయించిరి. 2022 జులై 16న 988 దేశమంతట పనిచేయ నారంభించెను. 2023 నవంబరు 30న కెనడాయు అదే సంఖ్యను అదే పనికి స్వీకరించెను. ముఖపరిచయము లేని దుఃఖితుని కొరకు లక్షలాది జనులు తమ చిరకాలపు అలవాటును మార్చుకొనిరి.

ఒక సంస్థ తన వ్యాపార సౌకర్యము కొరకు గీసిన గీతలు, డెబ్బదియైదేండ్లు దాటిన పిమ్మట, ఇరువది దేశముల ప్రజలను కలిపి యుంచుచున్నవి. ఆ గీతలలో మొదట పెద్ద నగరమునకు ఐదు స్పందనములు, చిన్న ద్వీపములకు ఇరువదియేడు దక్కిన మాట నిజమే. కాని ఆ ద్వీపములు తమ సంకేతములను తాము సంపాదించుకొనినవి. పంచువాడు నిష్పక్షపాతముగా నుండవలెనన్నది చట్టమైనది. సంఖ్యలకు తమంతట తమకు న్యాయాన్యాయములు లేవు. అవి పంచు చేతిలో నున్నవి. కనుక టెలిఫోను సంఖ్య నాది అని ఎవరైన అన్నచో కాదనవలసిన పని లేదు. అది తన వంతు అని మాత్రము గుర్తుంచుకొనిన చాలును.